అక్షరములు చెక్కిన కమ్మరి

బస్తరు అడవుల దక్షిణపు అంచున, నేటి సుక్మా జిల్లాలో, కిష్టారం అను ఊరు గలదు. అచ్చటి జనులలో అనేకులు ఇంటిలో కోయ మాట మాట్లాడుదురు. దక్షిణముగా నడిచి చెర్ల, భద్రాచలముల వైపు వచ్చినయెడల వారి చెవిని పడునది తెలుగు, కంటికి కనబడునది గుండ్రని తెలుగు అక్షరము. బడికి పోవు బిడ్డకు మాత్రము ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ఇచ్చు పుస్తకములో తలమీద గీత గల నాగరి అక్షరములు ఎదురగును. ఒకే గుడిసెలో ఈ రెండు లిపులు ప్రక్కప్రక్కన ఉండుట అచ్చట వింత కాదు. ఒకదానిని ఒకటి పోలని ఈ రెండు లిపులును ఒకానొక కాలమున ఒకే పనిశాలలో, ఒకే కుటుంబపువారి చేతిలో ఉక్కునుండి రూపము దాల్చెను. ఆ కుటుంబపు పెద్ద పంచానన కర్మకారుడు. వంగదేశమున అచ్చు అక్షరముల చరిత్ర తెలిసినవారందరు ఆయన పేరు ఎరుగుదురు. తెలుగు క్రైస్తవులలో కేరీని ఎరిగినంతగా ఆయనను ఎరిగినవారు తక్కువ.

కర్మకారుడనగా కమ్మరి. హుగ్లీ నది ఒడ్డున నున్న త్రివేణి అను పుణ్యక్షేత్రము ఆయన ఊరు. ఆయన పితరులు రాగిరేకులమీదను, ఆయుధములమీదను, పాత్రలమీదను పేర్లను, లతలను చెక్కి జీవించినవారని ఆ ప్రాంతమున పరంపరగా చెప్పుదురు. అట్టి ఇంటిలో పుట్టిన బాలుడు పెరిగి ఏమి చేయవలెనో ఎవరును అడుగవలసిన అవసరము లేదు. కొలిమి యున్నది, ఉలి యున్నది, తండ్రి కూర్చున్న చోటు యున్నది. పుస్తకముతో ఆ కుటుంబమునకు పని లేదు. ఆ దినములలో వంగభాషలో పుస్తకమనగా లేఖకుడు కలముతో వ్రాసిన తాళపత్రము గాని చేతి కాగితపు ప్రతి గాని మాత్రమే. వంగలిపిలో కదలు అక్షరములతో ముద్రించిన గ్రంథము అప్పటికి ఒక్కటియు లేదు.

అట్టి వానిని అక్షరముల దగ్గరకు తెచ్చినది భక్తియు కాదు, విద్యాసక్తియు కాదు, రాజ్యాధికారపు అవసరము. తూర్పు ఇండియా కంపెనీవారు వంగదేశమును పాలింప మొదలుపెట్టిన తరువాత, తమ ఉద్యోగులు అచ్చటి భాష నేర్వనిదే పని సాగదని గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్సు గ్రహించెను. నథానియేల్ బ్రాసీ హాల్‌హెడ్ అను యువ ఉద్యోగి వంగభాషకు ఇంగ్లీషులో వ్యాకరణము రచించెను. వ్యాకరణము సిద్ధమైనది గాని, అందులోని ఉదాహరణములను వంగలిపిలో చూపుటకు అక్షరములు లేవు. అంతకు ముందు విలియం బోల్ట్సు అను కంపెనీ మనుష్యుడు లండనులో జోసెఫ్ జాక్సన్ అను నేర్పరియైన పోతపనివానిచేత వంగాక్షరములు చేయింపబూనెను. జాక్సన్ తన పనిలో గొప్పవాడే. అయినను ఆ లిపిని వ్రాయు చేతిని ఎన్నడును చూడనివాడగుటచే ఆ ప్రయత్నము విఫలమయ్యెను.

అప్పుడు హేస్టింగ్సు ఆ భారమును చార్లెస్ విల్కిన్సు మీద పెట్టెను. 1749లో జన్మించి, 1770లో కంపెనీ గుమాస్తాగా వంగదేశమునకు వచ్చిన విల్కిన్సునకు అప్పటికి ముప్పది ఏండ్లు నిండలేదు. తీరికవేళలలో అక్షరములు చెక్కి చూచుట ఆయనకు వినోదము. ఇప్పుడు వినోదము విధియయ్యెను. పంచులు చెక్కుట, అచ్చులు పోయుట, కూర్చుట, ముద్రించుట, ఈ పనులన్నియు ఆయన పైబడెను. కలకత్తాలో ముద్రికలు చెక్కు జోసెఫ్ షెప్పర్డు అను ఇంగ్లీషువాడు ఆయనకు తోడుపడెను. మరియొక తోడు త్రివేణి కమ్మరియైన పంచాననుడు.

ఈ పని ఎట్టిదో కొంచెము నిలిచి చూడవలెను. మెత్తని ఉక్కు కడ్డీ కొనమీద అక్షరమును తలక్రిందు కాకుండ, కుడియెడమలు తారుమారుగా, ఉబ్బెత్తుగా చెక్కుదురు. దీనినే పంచు అందురు. చెక్కుచు మధ్యమధ్య దీపపు మసిలో దానిని చూపి కాగితముమీద ఒత్తి, ఆకారము సరిగా నున్నదో లేదో చూచుకొందురు. తృప్తియైన పిమ్మట దానిని కాల్చి నీటిలో ముంచి గట్టిపరచుదురు. ఆ గట్టి ఉక్కును రాగిదిమ్మెలోనికి సుత్తెతో కొట్టినప్పుడు రాగిలో అక్షరపు గుంట ఏర్పడును. ఆ రాగిదిమ్మెను మూసలో అమర్చి, సీసము కలిపిన కరిగిన లోహమును పోయగా ఒక అచ్చు అక్షరము వచ్చును. ఒక పంచు చెడిపోయినయెడల దానినుండి పుట్టవలసిన అక్షరములన్నియు చెడును. వెండ్రుకవాసి ఎక్కువ తక్కువైనయెడల పంక్తిలో ఆ అక్షరము లేచియో, కుంగియో కనబడును. ఇట్టివి వంగభాషకు యాబది చేసిన చాలదు. అచ్చులు హల్లులు గాక, జంటగా కలిసి రూపము మార్చుకొను సంయుక్తాక్షరములు వందలకొలది కావలెను.

పంచాననునికి లోహము తెలియును, ఉలి తెలియును. కాని ఈ పని ఆయన కులవృత్తికి సరిగా విపరీతమైనది. కత్తి పిడిమీద లతను చెక్కువాడు గీతను తవ్వును. చుట్టునున్న లోహమును విడిచిపెట్టును. పంచు చెక్కువాడు గీతను విడిచిపెట్టవలెను. చుట్టునున్నదంతయు తవ్వి తీసివేయవలెను. తరతరములుగా చేతికి అలవడిన చూపును త్రిప్పివేయనిదే అది సాధ్యము కాదు. అంతేకాక, అంతవరకు ఆయన చెక్కిన ప్రతి పేరు ఒక్క వస్తువుమీద ఒక్కసారి నిలుచునది. ఇప్పుడు చెక్కినది వేలసార్లు కాగితముమీద పడునది, తాను ఎన్నడును చూడని ఇండ్లకు పోవునది. ఈ మార్పును ఆయన ఎంతకాలములో సాధించెనో గాని, సాధించెననుటకు సాక్ష్యము 1778లో హుగ్లీలో అచ్చుపడిన ఆ వ్యాకరణమే. అందులోని ఇంగ్లీషు పంక్తుల నడుమ వంగాక్షరములు కొంత పెద్దవిగా, కొంత బిరుసుగా, అయినను తమ స్వదేశపు చేవ్రాత పోలికను విడువక నిలిచియున్నవి.

ఆ గ్రంథపు పీఠికలో హాల్‌హెడ్ విల్కిన్సును మిక్కిలి ప్రశంసించెను. ఒంటిచేతితో లోహకారుడు, చెక్కడపువాడు, పోతపనివాడు, ముద్రాపకుడు అన్నియు తానే అయ్యెనని కొనియాడెను. అందులో పంచాననుని పేరు లేదు, షెప్పర్డు పేరును లేదు. విల్కిన్సు ప్రతిభను తక్కువ చేయనవసరము లేదు. ఆయన తరువాత 1785లో భగవద్గీతకు ఇంగ్లీషు అనువాదమును ప్రకటించెను. స్వదేశమునకు మరలి 1795లో తన ఇంటిలోనే నాగరి అక్షరములు పోసెను. 1796లో ఆ ఇల్లు తగులబడినను వెనుదీయక, 1808లో సంస్కృత వ్యాకరణమును వెలువరించెను. 1836లో కీర్తిమంతుడై మరణించెను. అయినను ఒంటిచేతితో అనుమాట నిజము కాదు. పని నేర్పినవాడు విల్కిన్సు, నిజమే. నేర్చుకొన్నవాడు దానిని దాటి పోయెననుట కూడ నిజమే. విల్కిన్సు 1786లో ఓడ ఎక్కి వెళ్లిపోయెను. పని కలకత్తాలోనే నిలిచెను, నిలుపినవాడు పంచాననుడు. కంపెనీవారి ముద్రాశాలకు ఆయన అక్షరములు చెక్కుచుండెను. 1793లో కారన్‌వాలిసు శాసనముల వంగానువాదమునకు వాడిన, మునుపటికంటె చిన్నవియు సొగసైనవియు నగు అక్షరములు ఆయన చేతిపనియే యని చరిత్రకారులు చెప్పుదురు.

సరిగా ఆ 1793వ సంవత్సరమే, నవంబరు 11వ తేదీన, మరియొక చేతిపనివాడు వంగదేశమున కాలు మోపెను. ఆయన చెప్పులు కుట్టి జీవించినవాడు, విలియం కేరీ. కేరీ మదనాబతిలో నీలిమందు కార్ఖానా చూచుకొనుచు క్రొత్త నిబంధనను వంగభాషలోనికి తర్జుమా చేసెను. తర్జుమా ముగింపునకు వచ్చుకొలది అచ్చు వేయుట ఎట్లను చింత ఆయనను పట్టుకొనెను. దేశములోని ముద్రాశాలలో పదివేల ప్రతులు వేయింపవలెనన్న 43,750 రూపాయలు కావలెనని లెక్క తేలెను. ఇంగ్లాండులో పంచులు చేయించి తెప్పింతమా యని ఆలోచించెను. ఇంతలో దేశభాషల అక్షరములు పోయు శాల కలకత్తాలో ఏర్పడినదని 1798లో ఆయనకు తెలిసెను. ఆ సమయముననే జార్జి ఉడ్నీ అను ఉపకారి ఒక కొయ్య అచ్చుయంత్రమును కొని యిచ్చెను. అది మదనాబతికి వచ్చినప్పుడు, దొరగారు దానిని చూచి పొందుచున్న ఆనందమును గమనించిన గ్రామస్థులు అది తెల్లవారి దేవుడని చెప్పుకొనిరట. యంత్రమున్నది, తర్జుమా ఉన్నది. అక్షరము చెక్కు చేయి మాత్రము లేదు.

1800 జనవరి 10న కేరీ డేనిషువారి ఏలుబడిలోనున్న సెరాంపూరునకు చేరి మార్ష్‌మన్, వార్డులతో కలిసెను. వార్డు వృత్తిచే ముద్రాపకుడు. కలకత్తానుండి కొనితెచ్చిన అక్షరములను ఆయన తన చేతులతో కూర్చి, మార్చి 18న మత్తయి సువార్త తొలి పుటను అచ్చుతీసి కేరీకి అందించెను. ఆ దినములలోనే పంచాననుడు సెరాంపూరు పనిశాలలో చేరెను.

ఎట్లు చేరెనను విషయమై రెండు కథనములు గలవు. మిషనరీల వ్రాతలలో, విల్కిన్సువద్ద పని నేర్చిన ఆ నేర్పరి తనంతట తాను పని వెదకికొనుచు వచ్చెననియు, సహోదరులు దానిని దైవానుగ్రహముగా ఎంచి సంతోషించిరనియు ఉన్నది. కలకత్తాలో వ్యాపించిన కథ వేరు. అప్పుడు పంచాననుడు సంస్కృత పండితుడైన హెన్రీ థామస్ కోల్‌బ్రూక్ వద్ద పనిలో నుండెననియు, కేరీ ఆయనను కొన్ని దినములకని అడిగి తీసికొనిపోయి తిరిగి పంపలేదనియు, కోల్‌బ్రూక్ కోపించి డేనిషు అధికారులకు మొరపెట్టెననియు ఆ కథ చెప్పును. మిషను చరిత్రలు వ్రాయువారు సాధారణముగా మొదటిదానిని చెప్పి రెండవదానిని విడిచిపెట్టుదురు. విడిచిపెట్టుట న్యాయము కాదు. దేవుని పనియను పేరుతో పొరుగువాని పనివానిని నిలుపుకొనుట జరిగియున్నయెడల అది తప్పే. ఆ పని ఎంత గొప్పదైనను తప్పు తప్పుగానే యుండును. అయితే 1804లో సెరాంపూరులో కేరీ ప్రకటించిన సంస్కృత హితోపదేశమునకు ముందుమాట వ్రాసినవాడు ఆ కోల్‌బ్రూకే. కనుక, వైరము కలిగియున్నను అది వారి మధ్య నిలువలేదు. ఈ రెండు కథనములలోను ఒక లోపము మాత్రము సమానముగా నున్నది. పంచాననుడు దేనిని కోరెనో ఏ పక్షమువారును వ్రాసి యుంచలేదు. పండితులిరువురు ఒక కమ్మరికొరకు పోటీపడిరన్న మాట నిలిచినది గాని, ఆ కమ్మరి మాట నిలువలేదు.

ఆయన చేతి మాట నిలిచినది. 1801 ఫిబ్రవరి 7న వంగ క్రొత్త నిబంధన చివరి పుట అచ్చుపడెను. మార్చి 5న దాని ప్రతిని ప్రభురాత్రి భోజనపు బల్లమీద నుంచి సహోదరులు కృతజ్ఞతాస్తుతులు చెల్లించిరి. అంతకు కొన్ని వారముల ముందు, 1800 డిసెంబరు 28న, వడ్రంగియైన కృష్ణపాలుడు గంగలో బాప్తిస్మము పొంది, ఆ మిషను తొలి వంగ విశ్వాసియయ్యెను. వడ్రంగి లోపలికి వచ్చెను. అదే ఆవరణములో, అదే కాలములో, కమ్మరి తన పీటమీదనే యుండెను. తన పితరుల ఆచారమును విడిచినట్లు ఏ దాఖలాయు లేదు. కేరీ, వార్డులు దినదినము ఆయనను చూచిరి. సువార్త అక్షరములను ఒక్కొక్కటిగా, కుడియెడమలు త్రిప్పి, ఏ ప్రసంగికుడును చూడనంత దగ్గరగా చూచినవాడు ఆయనే. అయినను ఆయన చూచినది ఆకారమునా, అర్థమునా?

ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పుట మంచిది కాదు. సొలొమోను మందిరము కట్టునప్పుడు ఇత్తడి పని చేయుటకు తూరునుండి హీరామును పిలిపించెను. ఆయన తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు, తండ్రి తూరువాడు. స్తంభములను, ఇత్తడి సముద్రమును, దానిమ్మపండ్ల వరుసలను ఆయన పోసెనని రాజుల గ్రంథము ఎంతో వివరముగా చెప్పును. ఆయన విశ్వాసమును గూర్చి ఒక్కమాటయు చెప్పదు. ఆయనకు కలిగిన జ్ఞానమును, వివేకమును, నేర్పును మాత్రము చెప్పును. పేరు కూడ చెప్పును. హాల్‌హెడ్ పీఠికకంటె రాజుల గ్రంథము ఈ విషయములో ఉదారమైనది.

1801లో కేరీ కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. విద్యార్థులకు సంస్కృత, మరాఠీ, హిందీ పుస్తకములు కావలసివచ్చెను; వీటికన్నిటికి నాగరి అక్షరములు కావలెను. నాగరి పని వంగలిపి పనికంటె పెద్దది. సంయుక్తాక్షరములతో కలిపి ఏడు వందల పంచులు అవసరమయ్యెను. లండనులోని పోతశాలలు ఇందులో సగమునకే ఏడు వందల పౌనులు అడుగగా, సెరాంపూరులో పూర్తి పని సుమారు నూరు పౌనులలో ముగిసెనని మిషను చరిత్రలో నున్నది. ఆ లెక్కను మిషను చరిత్రకారులు సంతోషముతోనే వ్రాసిరి. పొదుపు వారికి అవసరమే. ఆ పొదుపువలననే పుస్తకము బీదవాని చేతికి అందెను. అయితే ఆ పొదుపులో ఒక భాగము ఆ పనివారి కూలి తక్కువగుట వలన కలిగినదని కూడ చదువరి జ్ఞాపకముంచుకొనవలెను.

1803 ప్రాంతమున పంచాననుడు నాగరి పంచులకు పూనుకొనెను. అప్పటికి ఆయన పాతికేండ్లుగా వంగాక్షరములతో జీవించినవాడు. రెండింటికిని తలమీద గీత యున్నది. అయినను నాగరికి దాని నిలువు గీతల నడకయు, వంపుల బరువును వేరు. ఈ వయస్సులో మరల విద్యార్థియగుట సుళువు కాదు. తాను ఒంటరిగా దీనిని ముగింపలేనని ఎరిగియో, లేక తండ్రినుండి కుమారునికి పని అందించు కులవృత్తి మర్యాద ననుసరించియో, ఆయన తన అల్లుడైన మనోహరుని పక్కన కూర్చుండబెట్టుకొని పని నేర్పెను. పంచు పట్టుకొనుటయు, మసిపరీక్ష చూచుటయు, ఉక్కు ఎర్రబడిన ఏ క్షణమున నీటిలో ముంచవలెననుటయు పుస్తకములలో లేవు. చేతినుండి చేతికి మాత్రమే పోవును. విల్కిన్సునకు నేర్పు ఓపిక ఉండెను గనుక పంచాననుడు కలిగెను. పంచాననునికి ఆ ఓపిక లేకపోయినయెడల, ఆయన మరణముతో సెరాంపూరు పని అచ్చటనే ఆగిపోయియుండెడిది.

1804 ప్రాంతమున, నాగరి పని ఇంకను సగములో నుండగా, ఆయన మరణించెను. సెరాంపూరులో ఆయన గడపినది నాలుగేండ్లకు మించదు. హుగ్లీలో మొదటి పంచు చెక్కినది మొదలు లెక్కించినను ఆయన అక్షరజీవితము ఇరువదియారేండ్లు. మిగిలిన నాగరిని మనోహరుడు పూర్తిచేసెను. 1805లో కేరీ మరాఠీ వ్యాకరణము, 1806లో సంస్కృత వ్యాకరణము ఆ పనిశాలనుండి వెలువడెను.

ఇక తెలుగు. తెలుగు అక్షరములు అచ్చుపడుట అదియే మొదలు కాదు. బెంజమిన్ షుల్జ్ మద్రాసునుండి స్వదేశమునకు మరలిన పిమ్మట జర్మనీలోని హాలే పట్టణమున 1746లో తెలుగులో చిన్న ప్రశ్నోత్తరిని ముద్రింపించెను. అయితే అవి సముద్రమునకు ఆవలి అక్షరములు. విశాఖపట్టణమున 1805లో దిగిన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజ్ అను లండను మిషనరీలును, వారితో కలిసి శ్రమించిన ఆనందరాయరును సువార్తలను తెలుగు చేసిరి. క్రాన్ 1809లో, డే గ్రాంజ్ 1810లో మరణించిరి. వారి మత్తయి, మార్కు, లూకా సువార్తలు అచ్చు కొరకు సెరాంపూరునకు చేరెను. పంచాననుని చేతిలో పని నేర్చిన మనోహరుని శాల అప్పటికి తెలుగు అక్షరములను సిద్ధము చేసియుండెను. తలగీతకు అలవడిన ఆ ఉలికి, గుండ్రముగా తిరిగి తలకట్టుతో ముగియు మన అక్షరము ఎంత క్రొత్తదై యుండెనో ఊహింపవచ్చును. పంక్తిక్రింద వ్రేలాడు ఒత్తులకు చోటు కల్పించుట వేరే ఒక శ్రమ.

1812 మార్చి 11 సాయంకాలము సెరాంపూరు ముద్రాశాలకు నిప్పు అంటుకొనెను. సుమారు రెండు వందల అడుగుల పొడవుగల ఆ కట్టడము కూలిపోయెను. కేరీ అప్పుడు కలకత్తాలో నుండెను. కాగితము, అచ్చుపడిన పత్రములు, దేశభాషల అక్షరరాసులు దగ్ధమయ్యెను. కేరీ ఏండ్లు శ్రమించి వ్రాసిన తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు, కన్నడ క్రొత్త నిబంధన వ్రాతప్రతియు, బహుభాషా నిఘంటువును బూడిదయ్యెను. మరునాడు కలకత్తానుండి వచ్చిన కేరీ ఆ కాలిన నేలమీద నడచి కన్నీరు విడిచెను. కరిగిన సీసము గడ్డలుగా పడియుండెను. అయితే శిథిలములను త్రవ్వగా ఉక్కు పంచులు, రాగి మాతృకలు చెడకుండ దొరికెను. సీసము పోయినను ఉక్కు నిలిచెను. పంచాననుడు చనిపోయి అప్పటికి ఎనిమిదేండ్లు. ఆయన చెక్కినవియు, ఆయన నేర్పగా చెక్కబడినవియు ఆ బూడిదలోనుండి బయటికి వచ్చెను. కరిగిన లోహమునే మరల కరిగించి, పనివారు వంతులవారిగా రేయింబవళ్లు కూర్చుండి అక్షరములు పోసిరి. ఇంగ్లాండులోని సంఘములు నష్టపరిహారపు ధనమును రెండు నెలలలోపుననే కూర్చిరి. ఆ ధనము వచ్చునంతవరకు పని ఆగలేదు.

మూడు సువార్తల తెలుగు గ్రంథము ఆ 1812లోనే వెలువడెను. కాలిపోయిన వ్యాకరణమును కేరీ మొదటినుండి మరల వ్రాసి 1814లో ప్రకటించెను. 1818లో సెరాంపూరు తెలుగు క్రొత్త నిబంధనయు, 1821లో మోషే పంచకాండములును అచ్చుపడెను. ఆ తర్జుమాల భాష తెలుగువారి నోటికి పూర్తిగా రుచింపలేదు. తరువాతి అనువాదకులు వాటిని ప్రక్కనుంచి నూతనముగా పని చేసిరి. ఇది సహజమే. తర్జుమా ప్రతి తరములోను పరీక్షకు నిలువవలసినదే. 1801 మొదలు 1832 వరకు ఆ ముద్రాశాల నలువది భాషలలో 2,12,000 ప్రతులు అచ్చు వేసెనని లెక్క గలదు. ఆ నలువది భాషలలో మార్ష్‌మన్ చేసిన చీనా తర్జుమా ఒకటి. దానికి కావలసిన లోహాక్షరములను కూడ మనోహరుడే చెక్కెను.

ఆయన నలువది ఏండ్లకు పైగా ఆ పీటమీద కూర్చుండెను. కేరీ 1834లో గతించెను, మార్ష్‌మన్ 1837లో గతించెను, వార్డు అంతకు ఎంతో ముందు 1823లోనే విషూచి వలన మరణించెను. 1839లో జేమ్సు కెన్నెడీ అను మిషనరీ సెరాంపూరునకు వచ్చినప్పుడు ముసలివాడైన మనోహరుని చూచెను. పంచాననుని అల్లుడు తన మూలలో, తన ఇలవేలుపు ప్రతిమ క్రింద కూర్చుండి, పరిశుద్ధ గ్రంథము అచ్చువేయుటకు కావలసిన అక్షరములను చెక్కుచుండెను.